బండి జారి పడ్డాక మళ్లీ ధైర్యంగా నడపడం ఎలా? ఆ శిక్షణ ఎవరు ఇవ్వాలి?

బండి స్కిడ్ అయి తగిలిన దెబ్బలు చాలామందికి కొన్ని వారాల్లో మానిపోతాయి. భయం మాత్రం అంత తొందరగా పోదు. మలుపులో కాస్త ఇసుక కనిపిస్తే చాలు, చేతులు బిగుసుకుపోతాయి. మబ్బు పట్టిందంటే బండి తాళాలు పక్కన పెట్టి ఆటో కోసం చూస్తారు. ఫలానా చోట రోడ్డు తవ్వారని తెలిస్తే రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగైనా వేరే దారిలో వెళ్తారు.

ఇంట్లో కారు ఉన్నవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది. ఫుడ్ డెలివరీ చేసేవాళ్లకు, బైక్ టాక్సీ నడిపేవాళ్లకు, పిల్లల్ని స్కూటీ మీద బడికి దింపి అక్కడి నుంచి ఉద్యోగానికి వెళ్లే తల్లులకు మాత్రం అలా కాదు. బండి తీయకపోతే ఆ రోజు గడవదు. తీస్తే ప్రతి మలుపులోనూ గుండె దడ.

ఈ భయాన్ని తగ్గించే శిక్షణ ఉంది. దాని పద్ధతి కూడా పెద్ద కష్టమైనదేమీ కాదు. మరి మన దగ్గర అది ఎక్కడ దొరుకుతుంది? లైసెన్స్ పరీక్షలో ఇది ఎందుకు కనిపించదు? శిక్షణ తీసుకుంటే నిజంగా ప్రమాదాలు తగ్గుతాయా? ఒక్కొక్కటిగా చూద్దాం.

సమస్య ఎంత పెద్దది?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది చనిపోయారు. ఈ మృతుల్లో టూ వీలర్ల మీద వెళ్తున్నవారు 44.5 శాతం. అంటే దాదాపు 75 వేల మంది. గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లోనే ఆ ఏడాది 1,856 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇవి పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన ప్రమాదాలు. తడి రోడ్డు మీద జారి మోచేయి గీసుకుపోయినవాళ్లు, మోకాలు వాచినవాళ్లు, పక్కవాళ్లు లేపితే దులుపుకుని ఇంటికి వెళ్లినవాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు. పడ్డాక బండి అంటే భయపడేవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివారే. కేసు ఉండదు, ఆసుపత్రి కాగితం ఉండదు. కాబట్టి వాళ్ల కోసం ఏదో ఒక ఏర్పాటు ఉండాలన్న ఆలోచన కూడా ప్రభుత్వ కార్యాలయాల్లో పుట్టదు.

బండి ఎందుకు జారుతుంది?

ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు అరచేతి కంటే చిన్నది. బండి ముందుకు కదలాలన్నా, తిరగాలన్నా, ఆగాలన్నా ఆ కాస్త చోటులో ఉన్న పట్టే ఆధారం. అది పొడి తారు రోడ్డు మీద బాగుంటుంది. తడిస్తే తగ్గుతుంది. వదులు కంకర, ఇసుక మీద ఇంకా పడిపోతుంది. స్థూలంగా పొడి రోడ్డు మీద ఉన్న పట్టులో సగమే కంకర మీద ఉంటుందనుకోవచ్చు.

దీన్ని మీటర్లలో చెప్పుకుంటే తేడా అర్థమవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ పొడి రోడ్డు మీద బాగా బ్రేక్ వేస్తే సుమారు 9 మీటర్లలో ఆగవచ్చు. అదే వేగంలో వదులు కంకర మీద దాదాపు 18 మీటర్లు కావాలి. ప్రమాదాన్ని గమనించి బ్రేక్ మీద చేయి పడేలోపు గడిచే ఒక్క సెకనులో బండి మరో 11 మీటర్లు వెళ్లిపోతుంది. మొత్తం కలిపితే పొడి రోడ్డు మీద 20 మీటర్లు, కంకర మీద 29 మీటర్లు.

ఇప్పుడు కంకర మీదకు వచ్చేముందే వేగం 20 కిలోమీటర్లకు తగ్గించారనుకుందాం. ఆ ఒక్క సెకనుతో కలిపి సుమారు 10 మీటర్లలో ఆగిపోవచ్చు. వేగం సగమైతే బ్రేక్ వేశాక ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. జారే రోడ్డు మీద నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే. అక్కడికి చేరకముందే వేగం తగ్గాలి.

మన రోడ్ల మీద ఇలాంటి చోట్లు చాలా రకాలు. ఇల్లు కడుతున్న చోట రోడ్డు మీదకు జారిన ఇసుక. టిప్పర్ల నుంచి పడిన కంకర చిప్స్. కొత్త తారు వేసే ముందు పాత రోడ్డును చెక్కి వదిలేసిన గాళ్లు. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా క్రాసింగ్ పెయింట్. బస్టాపుల దగ్గర కారిన డీజిల్. గల్లీల్లో సీసీ రోడ్ల మీద పట్టిన పాచి. ఊళ్లవైపు వెళ్తే కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం.

సీజన్ మొదటి వాన ప్రత్యేకంగా ప్రమాదకరం. నెలల తరబడి పేరుకున్న నూనె మరకలు, దుమ్ము ఆ మొదటి జల్లుతో కలిసి రోడ్డంతా జారుడు పొరలా మారతాయి. ఆ తర్వాత గట్టి వాన పడితే అది కొంత కొట్టుకుపోతుంది.

పడ్డ తర్వాత భయం ఏం చేస్తుంది?

భయం మనిషిని జాగ్రత్తగా నడిపిస్తుందని అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ టూ వీలర్ విషయంలో భయంతో శరీరం చేసే పనులు కొన్ని మళ్లీ పడేసేవే.

మొదటిది చూపు. భయపడ్డవాళ్లు ముందు చక్రం దగ్గరున్న ఇసుకనే చూస్తుంటారు. ఎటు చూస్తే బండి అటే పోతుంది. చూపు 15, 20 మీటర్ల ముందుకు, వెళ్లాల్సిన దారి వైపు ఉండాలి.

రెండోది చేతులు. వదులు నేల మీద ముందు చక్రం కాస్త అటూ ఇటూ ఆడటం మామూలే. చేతులు వదులుగా ఉంటే బండి తనంతట తానే సర్దుకుంటుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే ఆ చిన్న ఊపు పెద్దదవుతుంది.

మూడోది బ్రేక్. కంగారులో ఒక్కసారిగా నొక్కేస్తారు. ముందు చక్రం బిగుసుకుపోతే రెప్పపాటులో బండి పడిపోతుంది. ఒకసారి అలా పడ్డాక కొందరు ఫ్రంట్ బ్రేక్ వాడటమే మానేస్తారు. ఇది ఇంకో ప్రమాదం. పొడి రోడ్డు మీద బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే.

నాలుగోది కాళ్లు. ధైర్యం కోసం రెండు కాళ్లూ కిందకు వేలాడేస్తారు. గేర్ల బండిలో అలా చేస్తే వెనక బ్రేక్ పెడల్ మీద కాలు ఉండదు. కదిలే బండి మీద నుంచి పాదం నేలకు తగిలితే మడమ మెలిపడుతుంది.

అంటే పడ్డవాళ్లకు కావాల్సింది ధైర్యం చెప్పే మాటలు కాదు. ఈ నాలుగు అలవాట్లనూ మార్చే సాధన. "ఏం కాదులే, నడిపేయ్" అని ఇంట్లోవాళ్లు అనడం వల్ల ఇందులో ఒక్కటీ మారదు.

లైసెన్స్ పరీక్షలో ఇవి ఉండవా?

హైదరాబాద్‌లో నాగోల్, కొండాపూర్ లాంటి ట్రాకుల్లో టూ వీలర్ పరీక్ష ఇచ్చినవాళ్లకు గుర్తుండేది 8 ఆకారం. కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా తిప్పితే పాసైనట్టే. పొడిగా, చదునుగా ఉన్న ట్రాక్ మీద కొద్ది నిమిషాల్లో పని ముగుస్తుంది. తక్కువ వేగంలో బ్యాలెన్స్ ఉందో లేదో దీంతో తెలుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో కుక్క అడ్డొస్తే ఆపగలరా అన్నది మాత్రం తెలియదు.

ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, చట్టంలో ఈ లోటు లేదు. కేంద్ర మోటార్ వాహనాల నిబంధనలు, 1989లోని 15వ నిబంధన డ్రైవింగ్ పరీక్షలో ఏమేం చూడాలో వివరంగా చెబుతుంది. అత్యవసర పరిస్థితిలో బండిని ఆపగలగడం అందులో ఉంది. ట్రాఫిక్‌కూ రోడ్డు పరిస్థితికీ తగ్గట్టు వేగాన్ని సర్దుకోవడం కూడా ఉంది. రోజుకు వచ్చే అభ్యర్థుల రద్దీలో పరీక్ష 8 దగ్గరే ఆగిపోతోంది.

పైగా ఆ పరీక్ష ఒక్కసారే. 2019లో సవరించిన మోటార్ వాహనాల చట్టం ప్రకారం 30 ఏళ్లలోపు తీసుకున్న లైసెన్స్ 40 ఏళ్లు నిండేవరకు చెల్లుతుంది. 18 ఏళ్లకు లైసెన్స్ తీసుకున్న వ్యక్తి మధ్యలో ఎన్నిసార్లు పడ్డా, పదేళ్లు బండి ముట్టకుండా మళ్లీ మొదలుపెట్టినా, 22 ఏళ్లపాటు అతని నైపుణ్యాన్ని ఎవరూ అడగరు. మళ్లీ నేర్చుకోవాలని అతనే అనుకున్నా, ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లు లేరు.

గుర్తింపు పొందిన డ్రైవింగ్ కేంద్రాల సంగతేంటి?

అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ల నిబంధనలు 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ కేంద్రాల్లో శిక్షణ పూర్తిచేసి పాసైతే ఆర్టీఏలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వక్కర్లేదు. కేంద్రంలో సిమ్యులేటర్, ప్రత్యేక ట్రాక్ ఉండాలి. కార్ల లాంటి తేలికపాటి వాహనాల కోర్సు గరిష్ఠంగా నాలుగు వారాల్లో 29 గంటలు. అందులో 21 గంటలు ప్రాక్టికల్. ఊళ్ల రోడ్లు, హైవేలు, ఎత్తుపల్లాలు అన్నీ ఉంటాయి.

ఆలోచన మంచిదే. అయితే ఇవి ప్రధానంగా కొత్తగా లైసెన్స్ కావాల్సినవాళ్ల కోసం. లైసెన్స్ ఉండి, పడి, భయపడి, మళ్లీ నేర్చుకోవాలనుకునే టూ వీలర్ రైడర్ ఈ వ్యవస్థకు కనిపించడు. వీధి చివర ఉండే మామూలు డ్రైవింగ్ స్కూళ్లలో స్కూటీ నేర్పుతారు. బ్యాలెన్స్ రాగానే కోర్సు అయిపోతుంది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు గోషామహల్, బేగంపేటలో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. మందు తాగి నడిపి దొరికినవాళ్లకు అక్కడ కౌన్సెలింగ్ ఇస్తారు. అంటే తప్పు చేసి పట్టుబడినవాళ్లను కూర్చోబెట్టి చెప్పడానికి ప్రభుత్వం దగ్గర చోటు ఉంది. తప్పు చేయకుండా జారిపడినవాళ్లకు ప్రాక్టీస్ చేయించే చోటే లేదు.

ప్రైవేటుగా నేర్పేవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. వదులు నేల మీద బండి నడపడం నేర్పే సంస్థలు దక్షిణాదిలోనే కనిపిస్తాయి. డాకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ స్థాపించిన బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ కర్ణాటకలోని కోలార్ దగ్గర ఉంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 'స్లైడ్ స్కూల్' పేరుతో మట్టి ట్రాక్ మీద బండిని జారిస్తూనే అదుపు చేయడం నేర్పే శిక్షణ నడిపింది.

ఇవి అభిరుచి కోసం బైక్ నడిపేవాళ్ల కోసం ఏర్పడినవి. వాళ్ల బండ్లు వేరు, ఫీజులు వేరు. 110 సీసీ స్కూటర్ మీద రోజుకు పది గంటలు తిరిగే డెలివరీ రైడర్ సెలవు పెట్టి, డబ్బు కట్టి, కోలార్ వెళ్లి రావడం జరిగే పని కాదు. అక్కడ నేర్పే మూల సూత్రాలు మాత్రం స్కూటర్‌కూ పనికొస్తాయి. చూపు ముందుకు, చేతులు వదులుగా, బ్రేక్ మెల్లగా.

వేరే దేశాల్లో ఎలా చేస్తారు?

బ్రిటన్‌లో మోటార్ సైకిల్ రోడ్డెక్కాలంటే ముందు ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. ఈ పద్ధతి 1990 నుంచి ఉంది. 2009లో ప్రాక్టికల్ పరీక్షను రెండు భాగాలు చేశారు. మొదటి భాగం మూసివున్న మైదానంలో జరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి అత్యవసరంగా ఆపి చూపించాలి. అదే వేగంలో అడ్డంకిని తప్పించాలి కూడా. ఇది దాటితేనే రోడ్డు మీద పరీక్ష.

జపాన్‌లో నెమ్మదికి పెద్దపీట. 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దిమ్మె మీద నుంచి పడకుండా వెళ్లాలి. 400 సీసీ వరకు బైక్ లైసెన్స్‌కు కనీసం 7 సెకన్లు పట్టేలా వెళ్లాలి. తొందరగా దాటేస్తే మార్కులు పోతాయి. బురదలో, కంకరలో పనికొచ్చే నైపుణ్యం సరిగ్గా ఇదే. వేగం సాయం లేకుండా బండిని నిలబెట్టడం.

ఈ రెండింటికీ విదేశీ రోడ్లు అక్కర్లేదు. ఒక ఖాళీ ట్రాక్, కొన్ని కోన్లు, నేర్పేవాడు ఉంటే చాలు.

శిక్షణ తీసుకుంటే ప్రమాదాలు తగ్గినట్టేనా?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. మోటార్ సైకిల్ శిక్షణ మీద ప్రపంచవ్యాప్తంగా వచ్చిన 23 అధ్యయనాలను కోక్రేన్ సంస్థ 2010లో సమీక్షించింది. శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గుతాయని గట్టిగా చెప్పడానికి ఆ అధ్యయనాల నాణ్యత చాలదని తేల్చింది. శిక్షణ పనికిరాదని అది చెప్పలేదు. పనిచేస్తుందని రుజువు కాలేదని చెప్పింది.

అంతకంటే ముఖ్యమైన హెచ్చరిక కార్ల శిక్షణ నుంచి వచ్చింది. మంచు కురిసే నార్వేలో 1979లో కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద శిక్షణ తప్పనిసరి చేశారు. తర్వాత జరిగిన పరిశీలనలో యువకులు జారే రోడ్ల మీద చేసిన ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. స్వీడన్‌లో 1996లో ప్రచురితమైన పరిశోధన దీనికి కారణాన్ని చూపింది. ఒక బృందానికి జారే నేల మీద బ్రేక్ వేసే నైపుణ్యం నేర్పారు. ఇంకో బృందానికి తమ నైపుణ్యానికి ఉన్న హద్దులను అనుభవంతో తెలిసేలా చేశారు. తర్వాత పరీక్షిస్తే రెండు బృందాల అసలు నైపుణ్యంలో తేడా లేదు. కానీ నైపుణ్యం నేర్చుకున్న బృందం తమకు ఉన్నదానికంటే ఎక్కువ వచ్చని నమ్మింది.

కాబట్టి పడ్డవాళ్లకు ఇచ్చే శిక్షణ "ఇక మీరు ఎక్కడైనా నడిపేయగలరు" అని పంపేది కాకూడదు. ఏ వేగంలో బండి మన చేతిలో ఉంటుంది, ఏ వేగం దాటితే ఉండదు అన్నది శరీరానికి తెలియాలి. ఆ హద్దు తెలిసినవాళ్ల నమ్మకానికి ఆధారం ఉంటుంది. తెలియనివాళ్ల నమ్మకం ఇంకో ప్రమాదానికి దారి.

ఏబీఎస్ ఉంటే సరిపోతుందా?

ఏబీఎస్ అంటే బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. దీని ప్రయోజనానికి ఆధారాలు శిక్షణ కంటే బలంగా ఉన్నాయి. అమెరికాలోని ఐఐహెచ్ఎస్ అనే ఇన్సూరెన్స్ రంగ పరిశోధన సంస్థ 2013లో చేసిన అధ్యయనంలో ఏబీఎస్ ఉన్న మోటార్ సైకిళ్లలో ప్రాణాంతక ప్రమాదాల రేటు 31 శాతం తక్కువగా కనిపించింది. అదే సంస్థ తర్వాత చేసిన అధ్యయనంలో ఇది 22 శాతం.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకంటే చిన్న బండ్లకు సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్‌లో ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకూ బ్రేక్ పడుతుంది. కానీ చక్రం బిగుసుకోకుండా అది ఆపలేదు. మన రోడ్ల మీద తిరిగే స్కూటర్లు, మైలేజీ బైకుల్లో ఎక్కువ భాగం ఈ చిన్న బండ్లే. అన్ని కొత్త టూ వీలర్లకూ 2026 జనవరి నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేయాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదాలో ప్రతిపాదించింది. ఆ నిబంధన ఏ రూపంలో అమలైనా అది కొత్త బండ్లకే. ఇప్పుడు మీ ఇంటి ముందున్న బండికి కాదు.

ఏబీఎస్ ఉన్నా రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. సింగిల్ చానల్ ఏబీఎస్ ముందు చక్రానికే పనిచేస్తుంది, వెనక చక్రం జారవచ్చు. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి కొంత ఎక్కువ దూరం తీసుకోవచ్చు.

సొంతంగా ప్రాక్టీస్ చేయాలంటే?

దెబ్బ తగిలినవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. మణికట్టు, భుజం, మోకాలు పూర్తిగా వంగి, పట్టు వచ్చాకే బండి ఎక్కాలి. పడిన క్షణం పదేపదే కళ్లముందుకు రావడం, నిద్ర పట్టకపోవడం నెల దాటినా తగ్గకపోతే అది ప్రాక్టీస్‌తో పోయేది కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం.

ప్రాక్టీస్ రోడ్డు మీద వద్దు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే మైదానం, అనుమతి తీసుకుని కాలేజీ గ్రౌండ్ లాంటివి చూసుకోండి. ఒక్కరే వెళ్లకండి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, గ్లౌజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మడమ కప్పే బూట్లు ఉండాలి. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. టైర్ల గాళ్లలో ఉండే అరుగుదల గుర్తు చూసుకోండి. గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి.

మొదటి మెట్టు: పొడి, గట్టి నేల మీద నడక వేగంలో తిన్నగా వెళ్లడం. చూపు దూరంగా, చేతులు వదులుగా. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద లేదా స్కూటర్ ఫ్లోర్ మీద.

రెండో మెట్టు: అదే నేల మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడం. ముందు వెనక బ్రేక్‌తో, తర్వాత ముందు బ్రేక్‌తో, ఆ తర్వాత రెండిటితో. నిమ్మకాయ పిండినట్టు బ్రేక్‌ను మెల్లగా పెంచుతూ నొక్కాలి. సీబీఎస్ స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే ముందు బ్రేక్ కూడా పడుతుందని మరవొద్దు. కుదిరిన తర్వాత 30 కిలోమీటర్లకు పెంచండి.

మూడో మెట్టు: గడ్డి లేదా మట్టి నేల మీద 10 నుంచి 15 కిలోమీటర్ల వేగంలో తిన్నగా వెళ్లి, తిన్నగా ఆగడం. చక్రం ఎప్పుడు పట్టు తప్పుతుందో, బ్రేక్ వదలగానే ఎలా తిరిగి వస్తుందో ఇక్కడ తెలుస్తుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా ఇవ్వకండి, ఒక్కసారిగా వదలకండి.

నాలుగో మెట్టు: అదే నేల మీద పెద్ద మలుపులు. బ్రేక్ పని మలుపుకు ముందే అయిపోవాలి. మలుపులో బండిని ఎక్కువ వంచకండి. గేర్ల బండి అయితే ముందే తక్కువ గేరులోకి వచ్చి, క్లచ్‌ను మెల్లగా వదలండి.

ఐదో మెట్టు: చిన్న జల్లు పడ్డ రోజు, ట్రాఫిక్ లేని వేళ, బాగా తెలిసిన దారిలో ఒక చుట్టు.

ఒక్కోసారి అరగంట, నలభై నిమిషాలు చాలు. ఏ మెట్టు దగ్గరైనా గుండె దడ పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి. ఎన్ని రోజులు పట్టాలన్న లెక్క లేదు.

రోడ్డు మీద ఇసుక ఉండటం ఎవరి తప్పు?

రైడర్ ఎంత నేర్చుకున్నా, మలుపులో ఇసుక పోసి వదిలేసినవాళ్ల బాధ్యత పోదు. రోడ్డు పనులు జరిగే చోట ముందుగా హెచ్చరిక బోర్డులు, రాత్రి కనిపించే గుర్తులు పెట్టాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోడ్డు డిజైన్, నిర్వహణ ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం లేదా అంగవైకల్యం కలిగితే సంబంధిత అధికారి, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 2019లో చేర్చిన సెక్షన్ 198ఏ చెబుతోంది. అంతకంటే చిన్న దెబ్బలకు ఈ సెక్షన్ వర్తించదు.

హైదరాబాద్‌లో రోడ్డు మీద ఇసుక, కట్టడాల చెత్త కనిపిస్తే జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కు చెప్పవచ్చు. జాతీయ రహదారుల మీద అయితే 1033. వేరే చోట్ల మున్సిపాలిటీకి, రాష్ట్ర రహదారులైతే ఆర్ అండ్ బీ శాఖకు ఫిర్యాదు చేయాలి. ఫొటో, చోటు, తేదీ ఉంటే మంచిది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమల్లో ఉంది.

ప్రభుత్వం ఏం చేయవచ్చు?

కొత్త చట్టం అక్కర్లేదు. 15వ నిబంధనలో ఇప్పటికే ఉన్న అత్యవసర బ్రేక్‌ను పరీక్షలో నిజంగా చూడటం మొదటి పని. ట్రాక్‌లో ఇరవై, ముప్పై మీటర్ల తిన్నని దారి ఉంటే చాలు.

రెండోది, ఆదివారాలు పరీక్షలు ఉండవు. ఆ రోజు ట్రాకులను లైసెన్స్ ఉన్న రైడర్లకు రెండు గంటల రిఫ్రెషర్ కోసం తెరవవచ్చు. ట్రాక్ చివర పది మీటర్ల మేర కంకర, ఇంకో పది మీటర్ల మేర తడి నేల ఏర్పాటు చేయడానికి ఫ్లైఓవర్ కట్టేంత ఖర్చు కాదు. నేర్పేవాళ్ల శిక్షణ, ప్రాక్టీస్‌లో పడితే చికిత్స, బీమా లాంటివి ముందే తేల్చుకోవాలి. అవి కష్టమైన ప్రశ్నలే, కానీ జవాబు లేనివి కావు.

మూడోది, డెలివరీ, బైక్ టాక్సీ కంపెనీలు. వానలోనూ ఆర్డర్ తీసుకెళ్లే రైడర్ వల్ల వాళ్లకు వ్యాపారం నడుస్తోంది. పనిలో చేరేటప్పుడు, పడ్డ తర్వాత తిరిగి వచ్చేటప్పుడు ఈ శిక్షణకు అయ్యే ఖర్చు, ఆ పూట పోయే సంపాదన ఆ కంపెనీలే భరించాలని అడగడం అన్యాయం కాదు.

ఏటా జూన్ వస్తుంది, రోడ్డు తడుస్తుంది, ఎవరో ఒకరు జారిపడతారు. పడ్డవాళ్లు మళ్లీ నేర్చుకోవడానికి ఒక చోటు చూపించమని ఆర్టీఏను అడగడానికి ఏ అర్హతా అక్కర్లేదు. మీ జిల్లా రవాణా అధికారికి ఒక అర్జీ చాలు. అందులో 15వ నిబంధన పేరు రాయడం మరవకండి.